మా అమ్మాయి బాక్సింగ్‌కి రెండేళ్లు: భీమవరంలో మేం వెళ్తున్న జిమ్ గురించి

మాది పాలకొల్లు పక్కన పల్లెటూరు. నేను ఇంట్లో లేసు అల్లుతాను. మా అమ్మాయి తొమ్మిదో తరగతిలో ఉండగా బాక్సింగ్ నేర్చుకుంటానని పట్టుబట్టింది. ఇప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం. ఈ రెండేళ్లలో రెండు జిమ్‌లు చూశాం, మూడు జతల గ్లవ్స్ మార్చాం. మా పిల్లని కూడా పంపమంటారా అని అడిగే తల్లులు ఈమధ్య ఎక్కువయ్యారు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లోనూ, 2023లో ఢిల్లీలోనూ ప్రపంచ ఛాంపియన్ అయింది కదా, ఆ పోటీలు ఫోన్లో చూసిచూసి పుట్టిన కోరిక ఇది. మా అత్తయ్యగారు మాత్రం "ఆడపిల్ల మొహం మీద దెబ్బలేంటే" అని వారం రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. ఆవిడ భయం ఉత్తది కాదని మొదటి జిమ్‌లోనే తెలిసింది.

అక్కడ చేరి రెండు వారాలు కాలేదు, "భయం పోవాలి" అంటూ పిల్లని రింగులోకి దింపేశారు. ఎదురుగా తనకంటే పెద్దవాడు, కనీసం పది కిలోలు ఎక్కువుంటాడు. చెయ్యి ఎలా పైకి పెట్టుకోవాలో కూడా దానికింకా రాదు. ఆ రాత్రి తల పగిలిపోతోందని ఏడ్చింది, ఒకసారి వాంతి అయింది. పొద్దున్నే ఆసుపత్రికి పరిగెత్తాం. తల అదిరిందని, నెలరోజులు ఆటా పరుగూ ఏమీ వద్దని డాక్టరుగారు చెప్పారు. ఆ అదురు తగ్గకముందే తలకి ఇంకో దెబ్బ తగిలితే ప్రాణానికే ప్రమాదమని కూడా అన్నారు. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. జిమ్ వాళ్లకి చెబితే "మొదట్లో అందరికీ అంతేనమ్మా" అన్నారు. మళ్లీ ఆ గుమ్మం తొక్కలేదు.

ఇక బాక్సింగ్ మాటే ఎత్తదనుకున్నాను. నెల తిరగ్గానే "అమ్మా, ఇంకో చోటికి తీసుకెళ్లవా" అంది. అలా భీమవరం వెళ్లాం.

అక్కడి మాస్టారు ముందు పిల్ల చేతులు చూశారు. తర్వాత తలకి తగిలిన దెబ్బ గురించి అడిగి, డాక్టరు చీటీ మొత్తం చదివారు. "ఆరు నెలల దాకా ఎవరూ ఈ పిల్లని కొట్టరండి, ఈ పిల్లా ఎవరినీ కొట్టదు. మీకు ఇష్టమైతేనే చేర్చండి" అన్నారు. ఆ ఒక్క మాటతో నా గుండె కుదుటపడింది. అన్నట్టే ఏడో నెలలో గానీ స్పారింగ్‌కి, అంటే ఎదురుగా ఇంకొకరితో కొట్టుకుని చేసే సాధనకి, దింపలేదు. దింపినప్పుడు హెడ్‌గార్డ్, మౌత్‌గార్డ్ పెట్టించి, తనంత బరువున్న అమ్మాయితోనే, నెమ్మది దెబ్బలతో, ఒక్క రౌండ్ ఆడించి ఆపేశారు.

మొదటి వారం మొత్తం చేతికి గుడ్డ చుట్టుకోవడమే నేర్పారు. నేను గోడవార కూర్చుని చూస్తూనే ఉన్నాను. ఆ ర్యాప్ 180 అంగుళాలు, అంటే నాలుగున్నర మీటర్లు. బొటనవేలికి ఉచ్చు తగిలించి, చేతి వెనక నుంచి మణికట్టు చుట్టూ మూడు చుట్లు, పిడికిలి గణుపుల మీద మూడు చుట్లు, తర్వాత ఒక్కో వేలి సందులోంచి దూర్చి, మిగిలినది మళ్లీ మణికట్టుకే. చుట్టడం అయ్యాక పిడికిలి బిగించమంటారు. బిగిస్తే గట్టిగా ఉండాలి, తెరిస్తే కోసినట్టు ఉండకూడదు. వేలికొసలు నీలంగా మారితే విప్పి మళ్లీ మొదట్నించి. మా అమ్మాయి ఆ మొదటి సాయంత్రం ఎన్నిసార్లు విప్పిందో లెక్కలేదు. లేసు అల్లేదాన్ని కాబట్టి నాకు దారం బిగువు తెలుసు. ఒక్క ముడి బిగిసినా పక్కదంతా ముడుచుకుపోతుంది. ఆ మాస్టారి చేతిలో ఆ లెక్క కనిపించింది. మణికట్టు పాడైతే ఆటతో పాటు రాతపనీ పోతుంది, ముందు పిల్ల చేతులు కాపాడాలనేది ఆయన పట్టుదల.

తర్వాత నిలబడే తీరు, అడుగులు, స్కిప్పింగ్, అద్దం ముందు షాడో, అంటే ఎదుట ఎవరూ లేకుండా గాల్లో గుద్దులు. మూడో నెలలో వేలాడదీసిన బ్యాగుని గుద్దడం. బ్యాగు మీద మూడు నిమిషాలు కొట్టి ఒక నిమిషం ఆగడం, గంట మోగితే మళ్లీ. మూడు నిమిషాలంటే ఎంతసేపో ఆ అరుపులు వింటే తెలుస్తుంది.

గ్లవ్స్ సంగతికొస్తే, మొదటి జత చవకది కొని తప్పు చేశాను. నాలుగు నెలలకే లోపల స్పాంజి ఉండకట్టి గణుపులకి తగలడం మొదలుపెట్టింది. బ్యాగుకి 12 ఔన్సుల బరువున్న జత, స్పారింగ్‌కి 16 ఔన్సుల జత విడిగా ఉండాలి. రెండూ ఒకటే జతతో నడిపించవద్దు. బ్యాగు మీద అరిగిపోయిన గ్లవ్‌తో కొడితే ఎదుటి పిల్లకి దెబ్బ గట్టిగా తగులుతుంది. మన గోదావరి జిల్లాల ఉక్కకి ఏ గ్లవ్ అయినా లోపల బూజు పడుతుంది, వానాకాలం మరీను. వచ్చిన వెంటనే లోపల వార్తాపత్రిక ఉండచుట్టి కూరి, ఫ్యాను కింద పెడుతున్నాను. ఎండలో పెడితే తోలు పగులుతుంది. ర్యాప్స్ రోజూ ఉతకాల్సిందే, మూడు జతలుంటే తప్ప ఆగస్టులో ఆరవు. వెల్‌క్రో కుట్టు ఊడితే చెప్పులు కుట్టే దారంతో నేనే వేస్తున్నాను, కంపెనీ కుట్టు కంటే ఎక్కువ కాలం నిలిచింది.

తిండి గురించి ఒక్క మాట. ఒక సెలక్షన్‌కి ముందు, తను ఆడే బరువు విభాగం కంటే కిలోన్నర ఎక్కువ ఉంది. బరువు తగ్గడానికి తోటి పిల్లలు నీళ్లు మానేయమన్నారట. మాస్టారు ఒప్పుకోలేదు, "ఎదిగే పిల్లకి కడుపు మాడ్చకండమ్మా, పై బరువు విభాగంలో ఆడుతుంది" అన్నారు. అలాగే ఆడింది, ఓడిపోయింది. ఇంటికొచ్చి రెండు కోడిగుడ్లు, పెసరట్టు తిని నిద్రపోయింది. నాకు ఆ రోజు మాస్టారి మీద గౌరవం రెట్టింపయింది.

లోపాలు కూడా చెప్పాలి. ఆడపిల్లలు బట్టలు మార్చుకోవడానికి గది లేదు, ఇంటి నుంచే వేసుకుని రావాలి. రెండేళ్లుగా అడుగుతున్నాను. వానకి వెనక వైపు సిమెంటు నేల తడుస్తుంది, అక్కడ స్కిప్పింగ్ చేస్తే జారతారు. మాస్టారు పోటీలకి వెళ్లిన రోజుల్లో పెద్ద పిల్లలే నేర్పుతారు. ఆ రోజుల్లో స్పారింగ్ వద్దని మా అమ్మాయికి గట్టిగా చెప్పాను. ఇంకొకటి, ప్రయాణం. సాయంత్రం వీరవాసరం మీదుగా తిరిగొచ్చేసరికి ఎనిమిదిన్నర అవుతుంది. ఇంటర్ చదువుతో ఇది చిన్న విషయం కాదు, వారానికి నాలుగు రోజులకి తగ్గించాం.

ఫీజు నెలకి 1500. మా రాబడికి ఎక్కువే, అయినా మానిపించను. మా అత్తయ్యగారు ఇప్పుడు దాని చేతులకి కొబ్బరినూనె రాస్తూ ఈ రోజు ఎన్ని రౌండ్లు అని అడుగుతారు. గది విషయం ఈ వేసవి సెలవుల్లో తేలుస్తామన్నారు. కడితే ఇక్కడే రాస్తాను, కట్టకపోయినా రాస్తాను.