కీబోర్డుకి బ్యాగా, పెట్టెనా? ఏది మేలు?

నా పాత మ్యూజిక్ కీబోర్డులో మధ్య ఆక్టేవ్ (పన్నెండు కీస్ వరస) ఎఫ్ కీ కొన విరిగి ఉంటుంది. రాజమండ్రి నుంచి హైదరాబాద్‌లో ఒక రిసెప్షన్‌కి వెళ్తూ, బ్యాగు బాగా దళసరిగానే ఉంది కదా అని రాత్రి బస్సు డిక్కీలో పెట్టించాను. తెల్లారి దిగి చూస్తే దాని మీద రెండు బస్తాలు పడుకుని ఉన్నాయి. ఆ సాయంత్రం మూడు గంటల ప్రోగ్రాం అంతా ఆ విరిగిన కొన వేలికి గుచ్చుకుంటూనే వాయించాను. బ్యాగు మీద మాత్రం చిన్న గీత కూడా పడలేదు.

అప్పటినుంచి బ్యాగులు మార్చాను, వడ్రంగి చేత పెట్టెలు చేయించాను, తోటి వాయిద్యగాళ్ల సామాను మోశాను. ఎంత దూరం వెళ్తున్నాం, కీబోర్డు ఖరీదెంత అని అందరూ లెక్కేస్తారు. నేను చూసేది ఒక్కటే, దాన్ని ఎత్తి దించేది ఎవరు? మొదటినుంచి చివరిదాకా మీ చేతుల్లోనే ఉంటే బ్యాగు చాలు. మధ్యలో ఒక్కసారైనా ఇంకొకరు ఎత్తేదుంటే పెట్టె కావాలి. ఇంట్లో ఉన్నన్నాళ్లు రెండూ వద్దు.

హార్మోనియం కాలంలో ఈ సమస్య ఇంతగా లేదు. వాయిద్యమే ఒక పెట్టె. మూత దించి కొక్కెం వేస్తే మెట్లు లోపల భద్రం. కీబోర్డుకి ఆ మూత లేదు. కీస్, నాబ్‌లు, స్లైడర్లు, తెర అన్నీ పైనే, బయటే ఉంటాయి. రోలాండ్ కంపెనీ వాటికి స్వరాన్ని వంచే పిచ్ బెండ్ లీవరు, కొర్గ్ వాటికి జాయ్‌స్టిక్ పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. బోర్లా పెట్టినా, పైన బరువు పెట్టినా ముందు దెబ్బ తినేవి అవే.

బ్యాగు ఎక్కడ గెలుస్తుంది?

మన ఆర్కెస్ట్రాల్లో, చర్చిల్లో ఎక్కువగా కనబడేవి 61 కీస్ వాయిద్యాలు. రోలాండ్ ఎక్స్‌పీఎస్-10 నాలుగు కిలోల ప్రాంతంలో ఉంటుంది, యమహా మోడెక్స్6 బరువు 6.6 కిలోలు. ఒక ఆక్టేవ్ వెడల్పు దాదాపు పదహారున్నర సెంటీమీటర్లు. ఐదు ఆక్టేవులు, పక్కన వేలితో తిప్పే వీల్స్ కలిపితే వాయిద్యం పొడవు మీటరుకి అటూ ఇటూ తేలుతుంది. ఆ పొడవు, ఆ బరువు వీపు మీద మోయగలిగినవే. బండి మీద వెళ్లేటప్పుడు నిలువుగా తగిలించుకోండి. కింది కొస సీటుకి ఆనేలా పట్టీలు సరిచేసుకుంటే భుజాల మీద బరువు బాగా తగ్గుతుంది. హైవే మీద లారీ దాటినప్పుడు తగిలే గాలికి బ్యాగు తెరచాపలా లాగుతుంది, అందుకే రావులపాలెం వైపు వెళ్లేటప్పుడు నేను వెనక ఒక మనిషిని ఎక్కించుకుంటాను. బ్యాగు అతని వీపు మీద ఉంటుంది, బండి నా చేతిలో ఉంటుంది.

రైలుకైతే బ్యాగుకి పోటీయే లేదు. స్లీపర్‌లో మనిషికి 40 కిలోల దాకా సామాను ఉచితం, బరువుతో ఇబ్బంది లేదు. కొలతతోనే చిక్కు. పెట్టెల్లాంటివి బయటి కొలత 100 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 25 ఎత్తు దాటకూడదని రైల్వే నియమం. థర్డ్ ఏసీలో, ఏసీ చైర్ కార్‌లో ఇంకా తక్కువ, 55, 45, 22.5 మాత్రమే. మీటరు వాయిద్యానికి ఫోమ్, ప్లైవుడ్ చేరితే ఆ పెట్టె ఎలాగూ వంద దాటుతుంది. నియమం ప్రకారం దాన్ని లగేజీ వ్యాన్‌లో బుక్ చేయాలి, అంటే మళ్లీ పరాయి చేతులే. కాబట్టి నేను గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో స్లీపర్ పై బెర్తు తీసుకుని, బ్యాగుని గోడవైపు నిలబెట్టి, ఇవతల నేను ఒత్తిగిలి పడుకుంటాను. నిద్ర సరిగ్గా పట్టదు, కానీ కీబోర్డు క్షేమంగా దిగుతుంది.

బ్యాగు కొనేటప్పుడు అందరూ మధ్యలో నొక్కి ఫోమ్ ఎంత మందంగా ఉందో చూస్తారు. మీరు రెండు కొసలూ నొక్కి చూడండి. నేలకి కొట్టుకునేది కొసలే, చాలా బ్యాగుల్లో ఫోమ్ అక్కడే పలచగా ఉంటుంది. పట్టీలు కుట్టు మీదే వేలాడుతున్నాయా, బ్యాగు అడుగు చుట్టూ తిరిగి వచ్చాయా అన్నది రెండో పరీక్ష. చుట్టూ తిరిగినవి తెగవు.

ఇక ముందు జేబు. దాంట్లో అడాప్టరు, పెడలు కుక్కేస్తాం. మోడెక్స్‌కీ, యమహాదే అయిన పీఎస్ఆర్-ఎస్ఎక్స్900కీ ఉన్నది ఏడంగుళాల టచ్ తెర. ఆ గట్టి అడాప్టరు దారి పొడవునా సరిగ్గా ఆ తెర మీదే నొక్కుతూ ఉంటుంది. వైర్లూ పెడలూ వేరే చిన్న సంచిలో వేసుకోండి. వెనకాల గుచ్చిన పి-38 జాక్‌లు (సౌండ్ వైర్ల లావుపాటి పిన్నులు), పెన్‌డ్రైవ్ తీసేయకుండా బ్యాగులో దించితే పగిలేది జాక్ ఒక్కటే కాదు, లోపల బోర్డు మీద దాని సాకెట్ కూడా.

పెట్టె ఎప్పుడు తప్పదు?

ప్రోగ్రాం రాత్రి రెండింటికి అయిపోతుంది. సౌండ్ వాళ్లకి తెల్లారి ఇంకో ఊళ్లో పని. టాటా ఏస్‌లో స్పీకర్లు, ట్రస్సులు (లైట్లు కట్టే చట్రాలు), లైట్లు, మన సామాను అంతా కలిపి ఎక్కిస్తారు. చీకట్లో, తొందరలో, అలసటలో ఉన్న మనిషి నల్ల బ్యాగు మీద బేస్ బిన్ (పెద్ద స్పీకరు పెట్టె) పెట్టాడంటే అతన్ని తప్పుపట్టను. కనబడదు కదా! అక్కడ ప్లైవుడ్ పెట్టె తప్ప మరేదీ కీబోర్డుని కాపాడలేదు. అల్యూమినియం అంచులు, ఇనుప మూలలు, బటర్‌ఫ్లై తాళాలు ఉన్న పెట్టె మీద మనిషి నిలబడినా లోపలి కీస్‌కి ఏమీ కాదు.

అయితే పెట్టెను చూశాక మోసేవాళ్ల జాగ్రత్త తగ్గుతుంది. బ్యాగునైతే మెల్లగా దించుతారు, పెట్టెను ధన్‌మని పడేస్తారు. అందుకని లోపలి అమరికలోనే దాని విలువంతా ఉంది. కీబోర్డు లోపల వేలెడు కదిలినా ప్రతి కుదుపుకీ గోడకి కొట్టుకుంటుంది. అలాంటి పెట్టెకంటే బ్యాగే నయం. కొలత ఇచ్చేటప్పుడు కాగితం మీద రాసివ్వకుండా వాయిద్యాన్నే తీసుకెళ్లి చూపించండి. నాబ్‌లు, జాయ్‌స్టిక్ ఎత్తు కూడా కొలిపించి, మూత లోపలి ఫోమ్‌లో వాటికి గుంతలు కోయించండి. మూత బరువు కీస్ మీద పడకూడదు, వాయిద్యం ఒంటి అంచుల మీదే ఆనాలి. సోఫాలో వాడే మెత్తటి స్పాంజి ఒద్దనండి. ఏడాది తిరిగేసరికి అణిగిపోతుంది, ఆ తరవాత పొడిపొడిగా రాలి స్లైడర్ల సందుల్లోకి దిగుతుంది. కాస్త గట్టిగా ఉండే ఈవీఏ ఫోమ్ షీట్ వేయించండి, అది నీళ్లు కూడా పీల్చదు.

పెట్టెకి అసలు కష్టం బరువు. 61 కీస్ పెట్టె ఒక్కటే పది పన్నెండు కిలోలు తూగుతుంది. మోడెక్స్6 లోపల పెడితే పద్దెనిమిది దాకా వస్తుంది. దేశంలోపల ఎకానమీ టికెట్ మీద విమానంలో సాధారణంగా 15 కిలోలే ఉచితం, పైన ప్రతి కిలోకీ కట్టాలి. అయినా విమానానికి పెట్టెలోనే పంపాలి, బెల్టు మీద విసిరే చేతులు మనవి కావు. అచ్చుపోసిన ప్లాస్టిక్ కేసులు, గేటర్, ఎస్‌కేబీ లాంటి కంపెనీలవి, ప్లైవుడ్ కంటే తేలిక, చక్రాలుంటాయి, తడికి ఉబ్బవు. నెలకో రెండు నెలలకో విమానమెక్కే వాళ్లకి అవే మేలు. జిల్లాల్లో తిరిగేవాళ్లకి అంత ఖర్చు దండగ.

88 కీస్ సంగతి వేరు. మోడెక్స్8 బరువు 13.8 కిలోలు, ఇద్దరు మనుషులుంటే బ్యాగులోనే, కారు వెనక సీటు మడిచి, పట్టుకెళ్లొచ్చు. యమహాదే మోంటేజ్8 అయితే ఒట్టిదే 29 కిలోలు. దాన్ని ఏ బ్యాగు పట్టీకీ అప్పగించొద్దు, చక్రాల పెట్టె కావాల్సిందే. విమానంలో ఒక్క సామాను 32 కిలోలు దాటితే తీసుకోరు కాబట్టి పెట్టెతో కలిపి అది ఎక్కదు. వెళ్లిన ఊళ్లోనే అద్దెకి తీసుకోవడం నయం.

ఇంట్లో ఎక్కడ పెట్టాలి?

ఇక్కడే మనవాళ్లు ఎక్కువ పొరపాటు చేస్తారు. ప్రోగ్రాం అయ్యాక పెట్టెలోంచి తీయకుండా మంచం కిందికి తోసేస్తారు. నెల తరవాత పెళ్లిళ్ల సీజన్లో తెరిస్తే రెండు కీస్ పలకవు, ఒకటి ఎంత మెల్లగా నొక్కినా పెద్దగా మోగుతుంది. కారణం ఇది. ప్రతి కీ కింద రబ్బరు బుడిపెలో రెండు కాంటాక్టులుంటాయి. మొదటిది తగిలాక రెండోది ఎంతసేపటికి తగిలిందన్న దాన్నిబట్టి మీరు ఎంత గట్టిగా కొట్టారో వాయిద్యం లెక్కకడుతుంది. వాటి మధ్య దుమ్మో చెమ్మో చేరితే ఆ లెక్క తప్పుతుంది. గోదావరి జిల్లాల వానాకాలంలో మూసిన పెట్టె ఒకసారి చెమ్మ పీలిస్తే బయటికి వదలదు. ప్లైవుడ్‌కి చెదలు పడతాయి. బ్యాగు ఫోమ్‌లో ఎలుక పిల్లల్ని పెట్టడం కూడా చూశాను.

అందుకని ఇంటికి రాగానే బయటికి తీసి, పొడిబట్టతో చెమట తుడిచి, స్టాండు మీద పెట్టండి. పైన పాత పంచో దుప్పటో కప్పండి. నూలుబట్ట దుమ్ముని ఆపుతుంది, గాలి ఆడనిస్తుంది. రెక్సిన్ కవరు లోపల చెమ్మ నిలుస్తుంది. కిటికీ ఎండ, వంటింటి పొగ తగలని గోడ చూసుకోండి. రోజూ పది నిమిషాలు అన్ని కీస్ మీదా వేళ్లు పోనిస్తే కాంటాక్టులు శుభ్రంగా ఉంటాయి. ఖాళీ బ్యాగు, పెట్టె కూడా వారానికోసారి ఎండలో తెరిచిపెట్టండి.

చోటు లేక బ్యాగులోనే ఉంచాల్సి వస్తే సిలికా జెల్ పొట్లాలు వేయండి. నీలం రంగు గింజలు గులాబీకి తిరిగాయంటే చెమ్మతో నిండాయని గుర్తు. బియ్యం మాత్రం పోయొద్దు, తవుడు కీస్ సందుల్లోకి పోతుంది, ముక్కపురుగు పడుతుంది. కలరా ఉండలూ వద్దు, కొన్ని ప్లాస్టిక్‌లకి వాటి ఆవిరి పడదు.

ఎండాకాలం కారులో వదిలేయడం అన్నిటికంటే చెడ్డది, బ్యాగైనా పెట్టెయినా ఒకటే. యమహా తన మాన్యువల్స్‌లో 5 నుంచి 40 డిగ్రీల మధ్య వాడమంటుంది. మే నెలలో రాజమండ్రి నీడలోనే అది దాటుతుంది, అద్దాలు మూసిన కారు లోపల ఇక చెప్పనక్కర్లేదు. భోజనానికి దిగితే కీబోర్డుని కూడా దించండి. ఏసీ కారులోంచి ఉక్కపోత స్టేజీ మీదికి తెచ్చినప్పుడు చల్లటి వాయిద్యం మీద లోపలా బయటా నీటి చెమ్మ పేరుకుంటుంది. అప్పుడు వెంటనే ఆన్ చేయొద్దు. ఆ ఒక్కచోట పెట్టె పని చేస్తుంది. ముందే వెళ్లి, మూత తీయకుండా గంటా రెండు గంటలు స్టేజీ పక్కన ఉంచితే లోపలి చల్లదనం మెల్లగా పోతుంది.

ఒక్కదానికే డబ్బుంటే బ్యాగు కొనండి, దాంతోపాటు వానకి కప్పడానికి చిన్న బరకం ముక్క ఒకటి. ఆర్కెస్ట్రా బండిలో వెళ్లాల్సి వస్తే సామాను ఎక్కించక ముందే డ్రైవరుతో మాట్లాడుకోండి. నేను అలాగే చేస్తాను. క్యాబిన్‌లో డ్రైవరు పక్క సీటు మీద కీబోర్డు నిలబడుతుంది, సీటు బెల్టు పెట్టుకుని. నేను వెనక స్పీకర్ల మధ్య కూర్చుంటాను.