కిల్‌పెక్ చర్చి: చూరు కింద కుక్కా కుందేలూ

ఇంగ్లండ్‌లోని హెరిఫర్డ్ వైపు వెళ్లి ఒక్కటే చూసే టైముంటే, కెథెడ్రల్ వదిలేసి కిల్‌పెక్ వెళ్లమనే నేను చెప్తాను. ఈ మాట మీద నాతో వాదనకు దిగేవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు. కెథెడ్రల్‌లో 1300 ప్రాంతంలో ఒకే దూడ చర్మం మీద గీసిన ప్రపంచపటం మాప్పా ముండి ఉంది, పుస్తకాలను గొలుసులతో అరలకు కట్టేసిన లైబ్రరీ ఉంది. అవేమీ చిన్న విషయాలు కావు. అయినా పెద్ద కెథెడ్రల్స్‌కి ఇంగ్లండ్‌లో కొదవ లేదు. ఇంత చిన్న పల్లె చర్చి మీద ఇంత శిల్పం, 900 ఏళ్లకు దగ్గరపడుతున్నా ఇంత చెక్కుచెదరకుండా ఉండటం మాత్రం నేను ఇంకెక్కడా చూడలేదు.

హెరిఫర్డ్ నుంచి అబర్‌గవెన్నీ వెళ్లే ఎ465 రోడ్డు మీద నైరుతిగా సుమారు 14 కిలోమీటర్లు వెళ్లి పక్కకు తిరగాలి. వేల్స్ సరిహద్దు అక్కడికి దగ్గరే. బస్సుల్ని నమ్ముకుంటే మెయిన్ రోడ్డు దగ్గర దిగి, ఫుట్‌పాత్ లేని సన్నటి దారిలో నడవాలి. మేం బర్మింగ్‌హామ్ నుంచి రైల్లో హెరిఫర్డ్ దిగి టాక్సీ మాట్లాడుకున్నాం. తీసుకెళ్లాడు, బాగానే ఉంది. తిరిగి వస్తానన్న టైముకి రాలేదు, ఫోన్ చేద్దామంటే సిగ్నల్ అందీ అందనట్టు ఉంది. మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారిని సమాధుల మధ్య బెంచీ మీద కూర్చోబెట్టుకుని ఎదురుచూశాం. కారు అద్దెకు తీసుకోవడం అన్ని రకాలా మేలు.

చర్చి పూర్తి పేరు సెయింట్ మేరీ అండ్ సెయింట్ డేవిడ్. డేవిడ్ వేల్స్ వాళ్ల సెయింటు, సరిహద్దు ఊరు కాబట్టి ఆ పేరు. 1086లో ఇంగ్లండ్ భూముల మీద తీసిన డూమ్స్‌డే లెక్కల్లో ఈ ఊరు విలియం ఫిట్జ్ నార్మన్ అనే దొర చేతిలో ఉంది. అతని కొడుకు హ్యూ 1134లో ఇక్కడి చర్చిని గ్లోస్టర్ మఠానికి దానమిచ్చాడు. ఇప్పుడు మనం చూసే కట్టడం 1140 ప్రాంతంది. హాలు, దాని వెనక కొంచెం ఇరుకైన గది, ఆ వెనక బలిపీఠం ఉండే అర్ధవృత్తాకారపు గది, మూడూ ఒకే వరసలో ఉంటాయి. మన చిన్న శివాలయాల్లో మండపం, అంతరాళం, గర్భగుడి గుర్తున్నవాళ్లకు ప్లాన్ ఎవరూ చెప్పక్కర్లేదు.

ముందు దక్షిణ ద్వారం దగ్గర నిలబడండి. ఎండ పడే వేళకు వెళితే ఎర్ర ఇసుకరాయి మీద ప్రతి గీతా లేచి కనపడుతుంది. తోరణం కింద అర్ధచంద్రాకారపు రాతి మీద ద్రాక్షతీగ లాంటి చెట్టు. దాన్ని జీవవృక్షం అంటారు. ఎడమ స్తంభం మీద తీగల్లో చిక్కుకున్న ఇద్దరు యోధులు. వాళ్లు వేసుకున్నవి వదులు ప్యాంట్లు, ఆ కాలపు శిల్పాల్లో అరుదుగా కనిపించే వేషం. కుడి స్తంభం పైన ఒక ముఖం, నోట్లోంచి తీగలు కక్కుతూ ఉంటుంది. దీన్ని గ్రీన్ మ్యాన్ అంటారు. బయటి స్తంభాల మీద పాములు ఒకదాని తోక ఒకటి మింగుతూ వరసకట్టాయి. వీటి అర్థం ఏమిటో పండితులకే ఏకాభిప్రాయం లేదు. కుబుసం విడిచే పాము పునర్జన్మకు గుర్తు అని ఒక వాదన. నాకైతే చెక్కినవాడు సగం అర్థం కోసం, సగం సరదా కోసం చెక్కాడనిపించింది.

ఆ సరదా అసలు రంగు చూరు కింద బయటపడుతుంది. గోడలోంచి పొడుచుకొచ్చి చూరును మోసే రాళ్లను కార్బెల్స్ అంటారు. ఇక్కడ అవి చర్చి చుట్టూ 85 మిగిలాయి, ప్రతిదాని మీదా ఒక బొమ్మ. గొర్రెపిల్ల, పంది, తీగవాద్యం వాయించేవాడు, పట్టుకుని కుస్తీ పడుతున్న జంట. అందరూ ఫోన్ ఎత్తి తీసేది మాత్రం కుక్కా కుందేలూ. వేలాడే చెవుల కుక్క, నిక్కపొడుచుకున్న చెవుల కుందేలు, రెండూ భుజం భుజం ఆనించుకుని కార్టూన్ పిల్లల్లా కిందికి చూస్తుంటాయి. వేటాడేదీ వేటకు దొరికేదీ పక్కపక్కన. చర్చి పొట్టిది కాబట్టి బైనాక్యులర్స్ లేకుండానే అన్నీ కనిపిస్తాయి.

తూర్పు భాగం చుట్టూ తిరుగుతున్నప్పుడు పిల్లలతో వెళ్లినవాళ్లు కాస్త సిద్ధంగా ఉండాలి. అక్కడ షీలా నా గిగ్ ఉంది. పెద్ద కళ్లతో, రెండు చేతులతో తన యోనిని తెరిచి చూపించే స్త్రీ మూర్తి. కామం తప్పు అనే హెచ్చరిక అనేవాళ్లున్నారు, దిష్టి తగలకుండా అనేవాళ్లున్నారు, సంతానం కోసం అనేవాళ్లూ ఉన్నారు. నేను మాట మార్చే లోపే మా అత్తగారు, "ఏందమ్మా గట్ల సిగ్గుపడతవ్, మన గుళ్లల్ల లేవా ఏంది?" అనేశారు. హనుమకొండ మనిషి, రామప్ప ఎన్నోసార్లు చూసినావిడ. 1213 నాటి రామప్పదీ ఎర్ర ఇసుకరాయే, అక్కడా చూరు కింద మదనికలు ఉంటారు. ఆ గుడిని శిల్పి పేరుతోనే పిలుస్తున్నామని మనవాళ్లు చెప్పుకుంటారు. కిల్‌పెక్ శిల్పుల పేర్లు మాత్రం ఒక్కటీ మిగల్లేదు, పుస్తకాల్లో "హెరిఫర్డ్‌షైర్ స్కూల్" అని ఉమ్మడి పేరు పెట్టి సరిపెట్టారు.

పడమటి గోడ నుంచి నోళ్లు తెరిచి ముందుకు పొడుచుకొచ్చిన డ్రాగన్ తలలు వైకింగ్ పడవల్ని తలపిస్తాయి. లోపల హాలు కొంచెం చీకటిగా, సాదాగా ఉంటుంది. చూడాల్సింది మధ్య తోరణం. రెండు వైపులా ముగ్గురేసి సాధువుల్ని ఒకరి మీద ఒకరిని నిలబెట్టారు. స్పెయిన్‌లోని సాంటియాగో యాత్రాస్థలంలో ఇలాంటి స్తంభాలున్నాయి. హెరిఫర్డ్ ప్రాంతపు ఆలివర్ డి మెర్లిమండ్ అనే అధికారి అక్కడికి యాత్రకు వెళ్లొచ్చి షాబ్డన్‌లో చర్చి కట్టించాడు. ఆ ప్రభావమే ఇక్కడికీ వచ్చిందంటారు.

షాబ్డన్ కూడా వెళ్లాం, అది హెరిఫర్డ్‌కి వాయవ్యాన ఉంది. 1750ల్లో అక్కడి జమీందారీ కుటుంబం పాత చర్చిని కూల్చి, తెల్లటి తీపి కేకులాంటి కొత్తది కట్టించింది. పాత తోరణాల్ని తీసి అలంకారానికి గుట్టెక్కించారు. అప్పట్నుంచీ వానకు తడిసి శిల్పం దాదాపు అరిగిపోయింది. డబ్బున్న దొర మోజుపడితే పాత చర్చి ఏమవుతుందో ఆ గుట్ట మీద తెలుస్తుంది. కిల్‌పెక్ ఊరు చిక్కిపోవడమే దాని చర్చిని కాపాడిందేమో.

ఆ ఊరు ఒకప్పుడు పెద్దదే. చర్చి వెనకే కోట దిబ్బ, పైన రెండు మూడు గోడ ముక్కలు. ఇంగ్లండ్ అంతర్యుద్ధంలో 1645లో కోటను పడగొట్టారు. వాన పడితే దిబ్బ జారుతుంది, మోకాళ్లవాళ్లు ఎక్కొద్దు. దగ్గర్లోనే అబ్బీ డోర్ ఉంది, 1147లో సిస్టర్షియన్ సన్యాసులు స్థాపించిన మఠం. ఎత్తు, నిశ్శబ్దం అక్కడ బాగుంటాయి, శిల్పం కోసమైతే దాని బదులు ఎర్డిస్లీకి వెళ్లండి. అక్కడి బాప్తిస్మపు తొట్టి మీద ఈ శిల్పుల బృందమే చెక్కిన ఇద్దరు యోధులు ఒకరినొకరు పొడుచుకుంటున్నారు.

బసకు హెరిఫర్డ్ ఊరే నయం. మేం పల్లెలో ఒక ఫామ్‌హౌస్‌లో దిగాం. గది శుభ్రం, ఇంటావిడ మర్యాద బాగున్నాయి, కానీ సాయంత్రం తిండికి కారు లేకుండా ఎక్కడికీ కదల్లేం. చుట్టుపక్కల పబ్బుల్లో శాకాహారమంటే చిప్స్, ఒక సూపు. పచ్చడి సీసా పట్టుకెళ్లాలన్న అత్తగారి పట్టుదల అక్కడ పనికొచ్చింది. చర్చికి టికెట్ లేదు, తలుపు లోపల విరాళాల పెట్టె ఉంది. కొంచెం చిల్లర ఉంచుకోండి.