పాపభయమా, మనస్సాక్షా, నలుగురి కళ్లా: శివారు చేనుకు నీళ్లిచ్చేది ఏది?

దాళ్వాలో, అంటే రెండో పంట వరిలో, శివరాత్రి వచ్చేసరికి మా కాలువ శివారున, చిట్టచివర ఉన్న రైతుకు నిద్ర ఉండదు. ఎగువన సీలేరు జలాశయాల నుంచి వదిలే నీళ్ల మీద ఆశపెట్టుకున్న పంట అది. పైవాళ్లు తమ వంతు అయ్యాక నీళ్లు కిందికి వదిలితేనే కింద చేను తడుస్తుంది. వంతులు రాసిన కాగితం ఉంటుంది, కాలువ చూసుకునే లస్కరు ఉంటాడు, నీటి సంఘం ఉంటుంది. రాత్రి రెండు గంటలకు మాత్రం వీళ్లెవరూ ఉండరు. చేలకు నీళ్లు తెచ్చే పిల్లకాలువకు, అదే బోదెకు, అడ్డంగా నాలుగు మట్టి బస్తాలు వేస్తే చాలు. తెల్లారేసరికి మన చేను నిండుతుంది, కిందవాడి చేను బీటలు వారుతుంది.

దేవుడి మీద నమ్మకం లేకపోతే నీతి ఉంటుందా అని ఎవరైనా వాదన మొదలెడితే నాకు ముందు గుర్తొచ్చేవి ఆ బస్తాలే. చూసేవాడు లేడు. పట్టుబడినా నాలుగు మాటలతో పోతుంది. నష్టపోయేవాడు ఎక్కడో రెండు మైళ్ల కింద ఉంటాడు, అతని మొహం కూడా మనకు సరిగ్గా తెలియదు. మనిషిని పరీక్షించడానికి ఇంతకంటే మంచి ప్రశ్నపత్రం దొరకదు. మా ఇంట్లో ఈ పరీక్ష రాసినవాళ్లు ఇద్దరున్నారు, పెదనాన్న, మావయ్య. ఇద్దరూ ఇప్పుడు లేరు కాబట్టి కాస్త ధైర్యంగా రాస్తున్నాను.

పెదనాన్నది పాపభయం. ఈ మాట నేను వెటకారంగా అనడం లేదు. కార్తీకమాసం నెల్లాళ్లూ తెల్లవారుజామునే గోదావరి స్నానం, సోమవారాలు ఉపవాసం. ఓసారి కొబ్బరికాయల లెక్కలో వ్యాపారి పొరపాటున వంద రూపాయలు ఎక్కువిస్తే, ఇంటికొచ్చి లెక్క చూసుకుని, మళ్లీ సైకిలెక్కి అంబాజీపేట వెళ్లి ఇచ్చి వచ్చాడు. "ఎవడి సొమ్మో మనకెందుకురా, ఉసురు తగుల్తాది" అన్నాడు. కూలివాళ్ల డబ్బు పొద్దుగూకేలోగా చేతిలో పెట్టాల్సిందే. ఇంట్లో డబ్బు లేకపోతే అప్పు తెచ్చి మరీ ఇచ్చేవాడు. ఇదంతా నలుగురి మెప్పు కోసం కాదు. పైనొకడు రాసుకుంటున్నాడని ఆయన నిజంగా నమ్మాడు.

అదే పెదనాన్న ఓ శివరాత్రి పగలంతా మంచినీళ్లు కూడా ముట్టకుండా ఉండి, గుడిలో జాగారం చేస్తూ, లింగోద్భవ అభిషేకం అయ్యాక పంచె ఎగ్గట్టి చేలోకి బయల్దేరాడు. ఆ రాత్రి వంతు మాది కాదు. బస్తాలు మోసింది నేను, నాకప్పుడు పద్నాలుగేళ్లు. బోదె కట్టేసి వచ్చి, కాళ్లు కడుక్కుని, నాలుగో జాము అభిషేకానికి మళ్లీ కూర్చున్నాడు. "పాపం కాదా పెదనాన్నా?" అని గుసగుసగా అడిగాను. ఆయన కోప్పడలేదు, ఆశ్చర్యపోయాడు. "నీళ్లేం దొంగసొమ్మంట్రా? గోదారమ్మ అందరిదీను."

అబద్ధమాడుతున్నాడని నాకు అప్పుడూ అనిపించలేదు, ఇప్పుడూ అనిపించదు. ఆయన పాపాల జాబితాలో పరాయి వంద రూపాయలున్నాయి, కూలి ఎగ్గొట్టడం ఉంది, ఏకాదశి నాడు అన్నం తినడం ఉంది. వంతు తప్పి నీళ్లు పెట్టుకోవడం లేదు. ఆ జాబితా తయారైననాటికి ధవళేశ్వరం ఆనకట్టే లేదు మరి. అది పూర్తయింది 1852లో. పాపభయంతో చిక్కు ఇక్కడే ఉంది. జాబితాలో ఉన్నదానికి అది ఉక్కులా కాపలా కాస్తుంది, లేనిదాని వైపు కన్నెత్తి కూడా చూడదు. కొత్త తప్పులు పుడుతూనే ఉంటాయి. రొయ్యల చెరువు ఉప్పునీళ్లు పంటకాలువలోకి వదిలేయడం ఏ నరకంలో ఏ శిక్ష కిందికి వస్తుందో పురాణం చెప్పేవాళ్లెవరూ నాకు చెప్పలేదు.

మావయ్య దీనికి తిరగేసిన మనిషి. ఎర్రజెండా పార్టీ. గుడి మెట్లెక్కడు, తద్దినం పెట్టడు, పెళ్లికి పిలిస్తే తాళి కట్టే వేళకు బయట అరుగు మీద కూర్చుని పేపరు చదివేవాడు. ఆయన చేను కూడా పైనే. నీళ్ల ఎద్దడి రోజుల్లో టార్చిలైటు పట్టుకుని రాత్రంతా గట్టు మీద తిరిగేవాడు, తన చేనుకి నీళ్లు పెట్టుకోవడానికి కాదు, వేరేవాళ్లు బోదె కట్టకుండా చూడటానికి. తనకు బావగారైన పెదనాన్న కట్టిన బస్తాలు కూడా రెండుసార్లు ఊడబీకాడు. ఏడాది పాటు మా రెండిళ్లకీ మాటల్లేవు. "కిందోడూ మనిషే కదండీ బావా, ఆడికీ అప్పులుంటాయి" అన్నాడట. అంతకు మించి సిద్ధాంతమేమీ చెప్పలేదు.

ఇక్కడ ఆపేస్తే మావయ్య గెలిచినట్టే. కానీ ఆపలేను. గుమ్మం ముందుకొచ్చి గుప్పెడు బియ్యమడిగిన ముసలమ్మకు ఆయన ఉపన్యాసం ఇవ్వడం కూడా నేను చూశాను. దానాల వల్ల వ్యవస్థ మారదట, ఆమె వెళ్లి పింఛనుకి అర్జీ పెట్టుకోవాలట. మాట తప్పు కాదు. కానీ ఆ పూట ఆవిడకు ఆకలేస్తోంది. మా అత్తయ్య పెరటి దోవన పిలిచి అన్నం పెట్టి పంపింది. మనస్సాక్షి కూడా ఓ జాబితానే. కాకపోతే ఎవరిది వాళ్లే రాసుకుంటారు, ఎవరికి వాళ్లే మార్కులేసుకుంటారు.

అన్నం మాట వస్తే మా కోనసీమలో ఎవరికైనా డొక్కా సీతమ్మ గారు గుర్తొస్తారు. 1841లో పుట్టి 1909లో పోయిన ఆవిడ, లంకల గన్నవరంలో వేళ కాని వేళ వచ్చినవాళ్లకు కూడా పొయ్యి వెలిగించి వండిపెట్టింది. ఇప్పుడు బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరే. వచ్చినవాళ్లలో దేవుణ్ణి చూసే సంస్కారం నుంచే ఆవిడ చేయి సాగింది, దాన్ని కాదనలేం. సిద్ధాంతం తేల్చుకున్నాక అన్నం పెడదామనుకుంటే ఆ రాత్రి పడవ దిగినవాడు పస్తే.

మరి మంచేదో మనకు తెలియజెప్పేది మతమేనా? రాజమండ్రిలో 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం చేయించారు. కాకినాడ పైడా రామకృష్ణయ్య డబ్బు సాయం చేశారు. ఆ గొడవలో నాకు విచిత్రంగా అనిపించేది, రెండు పక్కలా శాస్త్రమే ఉండటం. వద్దన్న పండితులు శాస్త్రం చూపించారు, కావాలన్న వీరేశలింగమూ శాస్త్రమే చూపించారు. వీరేశలింగం నాస్తికుడు కాదు, దేవుణ్ణి నమ్మినవాడు. ఒకే గ్రంథాల్లోంచి ఒకరు గుండు గీయించిన పిల్లను అలాగే ఉంచే శ్లోకం తీస్తే, ఇంకొకరు ఆ పిల్లకు మళ్లీ పెళ్లి చేసే శ్లోకం తీశారు. ఏ శ్లోకం తీయాలో శ్లోకం చెప్పదు కదా. ఆ పిల్ల మొహం ముందు కనిపించింది, శ్లోకం తర్వాత దొరికింది. నేనైతే అలాగే అర్థం చేసుకున్నాను.

ఇదే ప్రశ్నను ఏథెన్సులో సోక్రటీసు 2,400 ఏళ్ల కిందటే అడిగాడని ప్లేటో రాసిపెట్టాడు. దేవతలకు ఇష్టం కాబట్టి అది మంచిదైందా, మంచిది కాబట్టి దేవతలకు ఇష్టమైందా? మొదటిదంటే, రేపు దేవతలు దొంగతనం ఇష్టమంటే అదీ మంచే అవుతుంది. రెండోదంటే, దేవతలు ఇష్టపడకముందే అది మంచిదన్నమాట. పెదనాన్న ఈ రెండింటికీ మధ్య "గోదారమ్మ అందరిదీ" అనే మూడో దోవ కనిపెట్టాడు, అది వేరే సంగతి.

దేవుడు లేకపోతే మనిషి కట్టు తప్పుతాడన్న భయానికి మన నేలలోనే ఓ జవాబుంది. గోరాగా అందరూ పిలిచే గోపరాజు రామచంద్రరావు (1902–1975) కాకినాడ పిఠాపురం రాజా కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పేవారు. నాస్తికుడన్న కారణంతో 1933లో ఆ ఉద్యోగం పోయింది. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, అంటరానితనం మీద పనిచేశారు. కూతురి పెళ్లి అంటరానివారన్న కులం అబ్బాయితో 1948లో సేవాగ్రామంలో జరిగింది. దగ్గరుండి జరిపిస్తానన్న గాంధీ ఆ ఏడాది జనవరిలోనే హత్యకు గురయ్యారు. దేవుడు లేడన్న మనిషి ఈ పని చేస్తే, దేవుడున్నాడన్న ఊళ్లు అదే కులాన్ని గుడి బయట నిలబెట్టాయి.

అవతలి పక్కన ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఇంగ్లీషు ఇంజినీరు కాటన్ ఉన్నాడు. ఈ డెల్టాలో సుమారు 10 లక్షల ఎకరాలు తడుస్తున్నాయంటే ఆ ఆనకట్టే కారణం. ఆయన నిష్ఠగల క్రైస్తవుడు, కరువులో చచ్చిపోతున్న మనుషుల్ని చూసి ఊరుకోలేకపోయినవాడు. గోదావరిలో స్నానం చేస్తూ ఆయన్ను భగీరథుడని తలుచుకునే సంస్కృత శ్లోకం ఇక్కడి వైదికుల నోట ఉంది. అందులో ఆయన మతం ప్రస్తావన లేదు, నీళ్ల ప్రస్తావన ఉంది.

ఇక మూడో సరుకు, నలుగురి కళ్లు. దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, మనందరం దీని కిందే బతుకుతున్నాం. ఇంగ్లండులోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయంలో, తాగిన కాఫీకి ఎవరి డబ్బులు వాళ్లే పెట్టెలో వేసే గది ఉండేది. అక్కడ ఓ వారం పూల బొమ్మ, ఓ వారం కళ్ల బొమ్మ అంటించి చూశారు. 2006లో వచ్చిన ఆ ఫలితం ప్రకారం కళ్ల బొమ్మ ఉన్న వారాల్లో దాదాపు మూడింతలు డబ్బు పడింది. ఉత్త కాగితం కళ్లు! మన ఊళ్లో అరుగుల మీది కళ్లు ఇంకెంత పని చేస్తాయో ఊహించుకోవచ్చు. కాకపోతే కట్నం తక్కువ తెచ్చిన కోడల్ని చిన్నచూపు చూసేవీ ఆ కళ్లే, వేరే కులం పిల్లాణ్ణి చేసుకున్న కూతురితో మాట్లాడనివ్వనివీ ఆ కళ్లే. పైగా రాత్రి రెండింటికి అవీ నిద్రపోతాయి. నా లెక్కలో దీనికి ఆఖరి స్థానం.

అమెరికా సర్వే సంస్థ ప్యూ 2019లో 34 దేశాల్లో, నీతిగా ఉండటానికి దేవుడి మీద నమ్మకం తప్పనిసరా అని అడిగితే మన దేశంలో నూటికి 79 మంది అవునన్నారు. స్వీడన్‌లో 9 మందే అన్నారు. స్వీడన్‌లో దొంగలే లేరని కాదు గానీ, మిగతా 91 మంది ఒకళ్ల గొంతు ఒకళ్లు కోసుకోవడం లేదు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మాత్రం ఇంకో ప్రయోగం. 1973లో వచ్చింది. అమెరికాలో ప్రిన్స్‌టన్‌లో పాదిరీలు కాబోయే 40 మంది కుర్రాళ్లను ఓ భవనం నుంచి ఇంకో భవనానికి వెళ్లి ప్రసంగించమన్నారు. కొందరి ప్రసంగ విషయం, దారిలో పడున్నవాణ్ణి ఆదుకున్న మంచి సమరయుడి బైబిలు కథే. దారిలో ఓ మనిషి మూలుగుతూ కూలబడి ఉండేలా ఏర్పాటు చేశారు. తీరిగ్గా వెళ్లినవాళ్లలో 63 శాతం ఆగారు. ఆలస్యమైపోయిందని తొందరపెట్టి పంపినవాళ్లలో ఆగింది 10 శాతం. భక్తి ఎంతుంది, ఏ కథ చెప్పబోతున్నారు అన్నవి ఆగడం ఆగకపోవడాన్ని తేల్చలేదు, తొందరే తేల్చింది. ఇది చదివాక పెదనాన్న మీద నాకున్న కోపం సగం తగ్గింది. ఆ ఏడాది ఆయన చేను పొట్టదశలో ఉంది. సొసైటీ అప్పుంది. చేను ఎండుతుంటే మనిషికి దేవుడూ కనపడడు, మార్క్సూ కనపడడు.

కాబట్టి ఏది మేలంటే, నా తీర్పు ముక్కలుగానే వస్తుంది. ఏది తప్పో తెలుసుకోవడానికి దేవుడు అక్కర్లేదు, కింద చేను ఎండుతోందన్న ఎరుక చాలు. మావయ్య దగ్గర ఉన్నది అదే. తెలిసిన తప్పు చేయకుండా తన్ను తాను పట్టి ఉంచుకోవడానికి మాత్రం కొందరికి దేవుడు నిజంగా పనికొస్తాడు. అంబాజీపేట దాకా ఆ సైకిలు తొక్కించింది ఆ దేవుడే. ఈ రెండింట్లో ఒకటే ఎంచుకోమంటే నేను ఎరుకనే ఎంచుకుంటాను, ఎందుకంటే భయం చెప్పిన చోటే ఆగుతుంది. భయం ఉన్నవాడికి ఎరుక నేర్పలేమా అంటే నేర్పచ్చు. పెదనాన్నను ఎవరైనా ఓ పగటిపూట శివారుకి తీసుకెళ్లి ఉంటే, "నీళ్లు" కూడా ఆయన జాబితాలో చేరేవని నా నమ్మకం. చేరితే ఇక ఆ జాబితాలోంచి దాన్ని ఎవరూ కొట్టేయలేకపోయేవారు.

పోయిన దాళ్వాలో మా అబ్బాయిని బండెక్కించుకుని శివారుకి తీసుకెళ్లాను. వాడికి పదమూడేళ్లు. రెండు మైళ్లకు బోదె సన్నబడి, చివరికి ఓ తూరలోంచి చెంబుతో పోసినట్టు కారుతోంది. గట్టు మీద కూర్చున్న రైతు మమ్మల్ని చూసి లేచాడు. ఎవరి తాలూకని అడిగితే పెదనాన్న పేరు చెప్పాను.

"ఆయ్, పై తూము కాడ చేనోళ్లా అండి!" అంటూ తువ్వాలు దులిపి గట్టు మీద పరిచాడు. "కూర్చోండి బాబూ. మీ పెదనాన్నగారు మా గొప్ప భక్తిపరులండి. కార్తీకంలో రేవు కాడ చూసేవోణ్ణి."

బోండాం కొట్టి వాడి చేతిలో పెట్టాడు. బస్తాల సంగతి నేను చెప్పలేదు.