బేసిల్ నారు కొంటున్నారా? ఆకు తిప్పి చూడకుండా డబ్బులివ్వకండి

నిన్న సాయంత్రం బూజు తెగులు పట్టిన 40 బేసిల్ మొక్కలు (పిజ్జాల మీద వేసే ఆకు) పీకి చెత్తసంచుల్లో కట్టి పడేశాను. చేతులు ఇంకా ఆ వాసనే వస్తున్నాయి. కోపం తగ్గాక రాద్దామంటే ఈలోపు ఇంకెవరో వెళ్లి కొనేస్తారు.

బెంగళూరులో మనవాళ్లంతా వెళ్లే నర్సరీయే, పేరు రాయను. ఒక్కోటి 60 చొప్పున 2,400. మా వీధిలో పిజ్జాలు చేసి అమ్మే అమ్మాయికి ఆకు ఇస్తానని మాటిచ్చి కొన్నాను. రెండు మొక్కలు పసుపుగా ఉన్నాయేంటని అప్పుడే అడిగాను. "ఎరువు చాల్లేదక్కా, పిడికెడు వర్మీకంపోస్ట్ వెయ్యండి, నాలుగు రోజుల్లో తేరుకుంటాయి" అన్నాడు నర్సరీ అతను. తెలుగువాడు, అక్కా అన్నాడు, నమ్మేశాను. ఆకు తిప్పి చూసి ఉంటే అక్కడే తెలిసిపోయేది. చూడలేదు, అది నా తప్పే.

ఈ ముసురుకి వారం తిరక్కముందే అన్నిటికీ పట్టేసింది. ఆకు పైన ఈనెకీ ఈనెకీ మధ్య పసుపు మచ్చలు, వెనక ఊదా కలిసిన బూడిదరంగు నూగు.

నాలుగు మొక్కలు నర్సరీకి పట్టుకెళ్లాను. అతను ఆకు వెనక బొటనవేలితో తుడిచి, "మట్టక్కా ఇది, నీళ్లు పోసినప్పుడు చిందింది" అన్నాడు. వేలికి బూడిదరంగు అంటుకునే ఉంది. అతని వెనకే షేడ్‌నెట్ కింద ఒక కుర్రాడు కొత్త ట్రేల ముందు కూర్చుని పసుపు ఆకులన్నీ గిల్లి బకెట్లో వేస్తున్నాడు. బకెట్ సగం నిండింది. నేను అటు చూడటం అతనూ చూశాడు. "అమ్మినవి వెనక్కి తీసుకోం" అని కార్బెండజిమ్ అనే శిలీంధ్రాల మందు ప్యాకెట్ నా చేతిలో పెట్టి 150 అడిగాడు. పచ్చిగా తినే ఆకు మీద మందు కొట్టమంటాడా!

పైగా అది దీనికి పనిచేయదు. ఇది బూజు తెగులు. బేసిల్‌కి తెచ్చేది పెరోనోస్పోరా బెల్బాహ్రీ, అసలు శిలీంధ్రమే కాదు, చూడ్డానికి అలాగే ఉండే ఊమైసీట్లనే వేరే జీవుల కోవలోది. 2009లో ఈ పేరు పెట్టేదాకా శాస్త్రవేత్తలు కూడా దీన్ని పెరోనోస్పోరా లామీ అనే ఇంకో జాతి అని పొరబడినవాళ్లే. కొనేవాళ్లం మనకి తెలియకపోవచ్చు. రోజూ ఆ ఆకులు గిల్లించేవాడికి తెలియదంటే నేను ఒప్పుకోను. సేజ్‌కి (ఇదీ వంటల్లో వేసే ఆకే) వచ్చే బూజు వేరే జాతి, పక్కనే ఉన్న నా సేజ్ కుండీ బాగానే ఉంది. తులసికీ ఏమీ కాలేదు.

ఎరువు చాలక నత్రజని తక్కువైతే కింది ముదురు ఆకులు మొత్తంగా పాలిపోతాయి, వెనక నూగు ఉండదు. బూడిద తెగులైతే ఆకు పైనే తెల్ల పొడి. అనుమానం ఉంటే ఒక ఆకుని తడి టిష్యూతో జిప్ కవర్లో పెట్టి రాత్రంతా చీకట్లో ఉంచండి, బూజు ఉంటే పొద్దుటికి బయటపడుతుంది. తీసేసిన మొక్కల్ని కంపోస్టులో వేయకండి. విత్తనంతో కూడా వస్తుంది, వాటి గింజలు దాచుకోకండి.

ఈ నెలలో అక్కడ కొన్నవాళ్లుంటే రేపు పొద్దున్నే, ఎండెక్కకముందు, ఒక్కసారి ఆకులు తిప్పి చూడండి.