గొల్లభామ పిల్లలకి గూడు, తిండి: రెండేళ్లు పెంచాక నా రివ్యూ

పెరట్లో కరివేపాకు కొమ్మకి ఎండిన నురుగు ముద్దలా అంటుకుని ఉన్న గొల్లభామ గుడ్ల తిత్తిని కొమ్మతో సహా కోసి ఇంట్లోకి తెచ్చి రెండేళ్లు దాటింది. అప్పట్నుంచి మూడు విడతలు పిల్లల్ని పెంచాను, మూడు రకాల గూళ్లు వాడాను. ఇప్పటికీ వాడుతున్నది ఒక్కటే: జ్యూస్ షాపులో ఇచ్చే పెద్ద ప్లాస్టిక్ గ్లాసు, మూతికి దోమతెర గుడ్డ, దాని మీద రబ్బర్ బ్యాండు. ఒక్కో పిల్లకి ఒక్కో గ్లాసు.

మా దగ్గర దొరికేవి పెద్ద ఆకుపచ్చ రకం, హైరోడ్యులా అంటారు. తిత్తిలోంచి బయటికి వచ్చేటప్పుడు సన్నటి దారాలకి వేలాడుతూ గుత్తులు గుత్తులుగా దిగుతాయి, ఒక్క పొద్దున్నే వందకి పైగా వచ్చాయి. అన్నీ ఉంచుకోవాలని ఆశపడకండి. నేను పదిహేనింటిని ఉంచుకుని మిగతా వాటిని తిత్తి దొరికిన చెట్టు మీదే, పక్కనున్న మందార మీద వదిలేశాను. మొదటి రోజుల్లో తిండి పుష్కలంగా ఉంటే కలిసే ఉంటాయి కానీ, రెండోసారి కుబుసం విడిచాక ఒకదాన్నొకటి తినేస్తాయి, అప్పటికల్లా విడదీసెయ్యాలి.

ఇక గూళ్ల సంగతి. మొదట వాడింది పచ్చడి పెట్టుకునే ప్లాస్టిక్ డబ్బా, మూతకి సూదితో బెజ్జాలు పెట్టి. చూడ్డానికి శుభ్రంగా ఉండేది, గాలి కూడా కొంత ఆడేది, కానీ మూత లోపలి భాగం నున్నగా ఉంటుందని నాకు తట్టలేదు. గొల్లభామ పిల్ల కుబుసం విడవాలంటే కాళ్ల చివరి కొక్కేలతో పైకప్పుని పట్టుకుని తలకిందులుగా వేలాడాలి. వీపు దగ్గర పాత చర్మం చిట్లుతుంది, అందులోంచి పాలిపోయిన లేతాకుపచ్చ ఒళ్లు మెల్లగా కిందికి జారుతుంది, కాళ్లన్నీ బయటికి వచ్చాక కాసేపు అలాగే తోకతో వేలాడి, ఒక్క ఊపులో పైకి లేచి తన పాత చర్మాన్నే పట్టుకుంటుంది. పావుగంటో ఇరవై నిమిషాలో పడుతుంది, ఆ కాసేపూ దాని ఒళ్లు తడి కాగితంలా మెత్తగా ఉంటుంది. ఆ డబ్బాలో నా పిల్ల ఒకటి సగంలో జారి కింద పడింది. ముందుకాలు వంకర తిరిగిపోయింది, వేటాడలేకపోయింది, వారం రోజులు ట్వీజర్‌తో ఈగని నోటి దగ్గర పెట్టి తినిపించాను. తర్వాతి కుబుసంలో కాలు చాలా వరకు సరయింది, నాకెంత ఆనందమో చెప్పలేను. చిన్న వయసులో అలా సరవుతాయి, పెద్దయ్యాక ఆ అవకాశం ఉండదు.

రెండోది ఆన్‌లైన్‌లో తెప్పించిన జాలీ పంజరం. గాలి బాగా ఆడుతుంది, పట్టు కూడా బాగుంటుంది, పెద్దవాటికి మంచిదే. పిల్లలకి మాత్రం వద్దు. నీళ్లు చల్లిన అరగంటకే ఆరిపోతుంది, అంత చోటులో పిల్లకి ఈగ కనపడదు, ఈగలు ఓ మూల, ఇది ఓ మూల.

గ్లాసు అందుకే గెలిచింది. ఎత్తు పిల్ల పొడవుకి కనీసం మూడు రెట్లు, వెడల్పు రెండు రెట్లు ఉండాలి, అంతకంటే మరీ పెద్దది అక్కర్లేదు. గుడ్డ రెండు మడతలు వెయ్యండి, ఒక్క పొరైతే చిన్న ఈగలు దూరి వచ్చేస్తాయి. పక్కన చిన్న బెజ్జం పెట్టి స్పాంజి ముక్కతో మూస్తే, గుడ్డ తియ్యకుండానే తిండి వెయ్యొచ్చు, పైన వేలాడుతున్న పిల్ల బెదరదు. అడుగున టిష్యూ పేపరు. రోజూ ఒకసారి సన్నగా స్ప్రే చేస్తే గోడ మీది బొట్లనే తాగుతుంది, కానీ అడుగున నీళ్లు నిలిస్తే బూజు పడుతుంది. గ్లాసులన్నీ నీళ్లు పోసిన పళ్లెంలో పెడతాను, అన్నం గిన్నెకి చీమలు పట్టకుండా పెట్టినట్టే. కుబుసం విడుస్తున్న పిల్లని చీమలు పట్టాయంటే ఇక దక్కదు.

తిండికి అరటిపండు మీద ముసిరే చిన్న ఈగలే మొదటి నెలంతా. సీసాలో మెత్తటి పండు, చిటికెడు ఈస్ట్ వేసి, మూతికి కాగితపు గరాటు పెడితే అవే వచ్చి పడతాయి. తియ్యడం కష్టమని టెన్షన్ పడ్డాను మొదట్లో. సీసాని రెండు మూడు నిమిషాలు ఫ్రిజ్‌లో పెడితే ఈగలు మత్తుగా పడి ఉంటాయి, దులిపి గ్లాసులో వెయ్యొచ్చు, కాసేపటికి లేస్తాయి. రోజుకి నాలుగైదు చాలు. పొట్ట పలచగా ఉంటే ఆకలి, ఉబ్బి ఉంటే ఆపండి. మూడు నాలుగు సార్లు కుబుసం విడిచాక మామూలు ఈగలు, చిన్న చిమ్మటలు వేస్తాను. ఉన్నట్టుండి తిండి మానేసి పైన వేలాడుతూ ఉండిపోతే జబ్బేమో అని కంగారు పడకండి, కుబుసానికి సిద్ధమవుతోంది. ఆ రోజుల్లో బతికున్న ఈగల్ని గ్లాసులో ఉంచకూడదు, అవి తాకి కింద పడేస్తాయి.

ఒక నష్టం మాత్రం ఇప్పటికీ బాధిస్తుంది. రెండో విడతప్పుడు చుట్టాలొచ్చారని హాల్లో దోమల లిక్విడ్ మెషీన్ పెట్టాం, గ్లాసులు అక్కడే ఉన్నాయన్న ధ్యాసే లేదు. తెల్లారేసరికి ఆరు పిల్లలు అడుగున వెల్లకిలా పడి కాళ్లు కొట్టుకుంటున్నాయి. ఒక్కటీ బతకలేదు. దోమల మందు గొల్లభామకీ మందే, అందుకే ఇప్పుడు వాటి గదిలో మెషీన్ లేదు, కాయిల్ లేదు, స్ప్రే లేదు, కిటికీకి తెర ఒక్కటే.

తిత్తి దొరికితే ముందు పక్కలకి చూడండి, గుండ్రటి సన్న బెజ్జాలుంటే లోపల గుడ్లని చిన్న కందిరీగలు తినేసి వెళ్లిపోయినట్టే. బాగుంటే ఆ రోజే అరటి ఈగల సీసా మొదలుపెట్టండి. కొత్త ఈగలు రావడానికి పది పన్నెండు రోజులు పడుతుంది, పిల్లలు దిగాక మొదలుపెడితే తిండి అందదు.