సింగపూర్ ఉద్యోగం: ముందు ఒక్కరే వెళ్లాలా, కుటుంబమంతా కలిసే వెళ్లాలా?

సింగపూర్‌లో ఉద్యోగం ఖాయం కాగానే ఇంట్లో మొదలయ్యే చర్చ ఇది. నా మాట ముందే చెప్పేస్తాను: కాగితాలు అందరివీ కలిపి పెట్టండి, ప్రయాణం మాత్రం విడిగా చేయండి.

ఎంప్లాయ్‌మెంట్ పాస్, అంటే అక్కడ ఉద్యోగం చేసుకునే అనుమతి, వచ్చినంత మాత్రాన కుటుంబాన్ని తీసుకెళ్లలేరు. భార్యకో భర్తకో పిల్లలకో డిపెండెంట్స్ పాస్ కావాలంటే మీ స్థిర జీతం నెలకు కనీసం 6,000 సింగపూర్ డాలర్లు ఉండాలి. ఉంటే, కంపెనీ మీ పాస్‌తో పాటే వాళ్లకూ దరఖాస్తు చేయొచ్చు.

చిక్కంతా మన పేర్లతోనే. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఒక్క పొడి అక్షరమే ఉంటుంది, మ్యారేజ్ సర్టిఫికెట్‌లో ఇంకోలా ఉంటుంది. గుళ్లో పెళ్లి చేసుకుని రిజిస్టర్ చేయించని జంటలూ ఎందరో. పిల్లలకు టీకాల లెక్క వేరే. సింగపూర్ బయట పుట్టిన, 12 ఏళ్లు దాటని పిల్లలకు డిఫ్తీరియా, తట్టు టీకాలు వేయించినట్టు రుజువు చూపి అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ ధ్రువీకరణ తీసుకున్నాకే పాస్‌కు పెట్టాలి. టీకా కార్డు మీద పెన్నుతో రాసిన తేదీలు చెరిగిపోయి ఉంటే డాక్టరు దగ్గర ఇంగ్లిష్‌లో మళ్లీ రాయించుకోండి. ఇవన్నీ ఇద్దరూ ఇక్కడుండగా తేలికగా అయ్యే పనులు.

ఇక ఇల్లు. ప్రభుత్వ గృహసంస్థ కట్టిన హెచ్‌డీబీ ఫ్లాట్‌గానీ అందులో గదిగానీ ఆరు నెలలకు తగ్గించి అద్దెకివ్వరు. కాండోలో, అంటే ప్రైవేటు అపార్ట్‌మెంట్లలో, మూడు నెలలు చాలు. పిల్లలతో హోటల్లో దిగితే బిల్లు చూసి భయపడి, దొరికిన ఇంటికి సంతకం పెట్టేస్తారు. ఒక్కరే వెళ్తే కాండోలో గది తీసుకుని నింపాదిగా వెతుక్కోవచ్చు. గది ఇచ్చేవాళ్లు 'లైట్ కుకింగ్' అంటే మన తాలింపుకు ఒప్పుకోరన్నమాటే. ఆ మూడు నెలలూ తిండికి కాస్త కష్టమే.

ఆ వాతావరణంలో ఇల్లు ఎలా ఉండాలో అక్కడ ఉంటేనే తెలుస్తుంది. భూమధ్యరేఖకు ఆనుకుని ఉన్న ఊరు, ఏడాది పొడవునా ఉక్క, వాన. అనంతపురం ఎండకు అలవాటు పడ్డవాళ్లకూ ఆ చెమట కొత్తే. గాలాడని పడకగదిలో బీరువాలోని తోలు బెల్టు మీద తెల్లగా బూజు పడుతుంది. మధ్యాహ్నంపూట వెళ్లి పడమటి ఎండ ఏ గదిలో పడుతుందో, బట్టలు ఎక్కడ ఆరతాయో చూసుకోండి. డెంగీ ఉన్న చోటు కాబట్టి పూలకుండీ కింద పళ్లెంలో నీళ్లు నిలవనివ్వకూడదు.

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులైతే విడిగా వెళ్లడమే మేలని గట్టిగా చెబుతాను. 2021 మే నుంచి డిపెండెంట్స్ పాస్ మీద వచ్చినవాళ్లు అక్కడ ఉద్యోగం చేయాలంటే సొంతంగా వర్క్ పాస్ ఉండాల్సిందే. విడిగా వెళ్తే ఇక్కడ ఆగినవాళ్లకు హైదరాబాద్ ఉద్యోగం వదలకుండానే అక్కడ వెతుక్కునే వ్యవధి దొరుకుతుంది.

కంపెనీ నెలకో రెండు నెలలకో ఫర్నిచర్‌తో ఇల్లు ఇస్తున్నా, ఒళ్లో పసిబిడ్డ ఉన్నా కలిసే వెళ్లండి. విడిగా ఉండటం మూడు నెలలు దాటనివ్వొద్దు. నాన్న ఫోన్లోనే కనబడుతుంటే పిల్లలు బెంగపెట్టుకుంటారు. పాస్ మంజూరు లేఖతో వచ్చే వీసా ఒక్కసారి ప్రవేశానికే, దాని గడువు తేదీ చూసి టికెట్లు తీయండి. సింగపూర్‌లో దిగేముందు ఆన్‌లైన్‌లో ఇచ్చే ఎస్‌జీ అరైవల్ కార్డు దిగే రోజుతో కలిపి మూడు రోజుల లోపు ఉచితంగా నింపొచ్చు. అత్తయ్యగారు కట్టిచ్చే మసాలా పొట్లాల్లో గసగసాలు లేకుండా చూసుకోండి, ముందస్తు అనుమతి లేకుండా అవి అక్కడికి తీసుకెళ్లకూడదు.