ఎనిమిదేళ్లుగా ఎన్‌మ్యాప్: నా అనుభవం

మా కాలేజీలో నెట్‌వర్క్ చూసుకునేది నేనొక్కణ్ణే. రెండు ల్యాబులు, ఆఫీసు, లైబ్రరీ, సీసీ కెమెరాలు కలిపి మూడొందల పైచిలుకు పరికరాలు. ఏది ఎక్కడుందో, ఏది ఏ పోర్టు (నెట్‌వర్క్ నుంచి లోపలికొచ్చే నంబరు తలుపు) తెరుచుకుని కూర్చుందో చూడ్డానికి ఎనిమిదేళ్లుగా ఎన్‌మ్యాప్ అనే నెట్‌వర్క్ స్కానింగ్ టూల్ వాడుతున్నాను. పైసా ఖర్చు లేదు.

విడిగా ఏమీ చెప్పకపోతే ఎక్కువ వాడకంలో ఉండే 1000 టీసీపీ (ముందు కనెక్షన్ కలుపుకుని మాట్లాడే పద్ధతి) పోర్టులే చూస్తుంది. రోజువారీ పనికి అది చాలు. ఓసారి కెమెరాల రికార్డర్‌లో టెల్‌నెట్ (దూరం నుంచి లాగిన్ అయ్యే పాత, రక్షణ లేని దారి) తెరిచి ఉందని చూపించింది. బిగించినవాళ్లు పాస్‌వర్డ్ కూడా మార్చలేదు! అయితే ఆపరేటింగ్ సిస్టమ్ ఏదో చెప్పేటప్పుడు మాత్రం దానిది అంచనాయే, గుడ్డిగా నమ్మను. యూడీపీ (కనెక్షన్ కలుపుకోకుండానే పంపేసే పద్ధతి) స్కాన్ మరీ నత్తనడక. ఒక్క లినక్స్ మెషీన్‌లో అన్ని పోర్టులూ చూడాలంటే 18 గంటలు దాటిపోవచ్చు.

ఎన్‌మ్యాప్‌ని రాసింది గోర్డన్ లయన్. ఫ్యోదోర్ అనే మారుపేరుతో 1997 సెప్టెంబరులో ఫ్రాక్ అనే హ్యాకర్ల పత్రికలో సోర్స్ కోడ్‌తో సహా అచ్చేశారు. ఇంత బాహాటంగా పుట్టిన టూల్‌ని కూడా ఎక్కడపడితే అక్కడ దించుకోకూడదు. 2011లో ఒక పేరున్న డౌన్‌లోడ్ సైటు దీని విండోస్ ఇన్‌స్టాలర్‌కి టూల్‌బార్ అంటగట్టి పంచితే ఆయన బహిరంగంగానే గొడవపడ్డారు. నేను అసలు సైటు నుంచే తీసుకుని, జీపీజీ సంతకం (ఫైలు అసలువాళ్లదేనని చూపే డిజిటల్ ముద్ర) సరిచూస్తాను. హ్యాష్ (ఫైలుకి వేలిముద్రలాంటి కోడ్) ఒక్కటే చూస్తే చాలదా అంటారు కొందరు. సైట్లో ఫైలు మార్చగలిగినవాడికి పక్కనే ఉన్న హ్యాష్ మార్చడం ఎంతసేపు?

మా ల్యాబు కుర్రాడొకడు అడిగాడు, "సార్, మా హాస్టల్ వైఫై మీద ఒక్కసారి వేసి చూడనా?" అని. వద్దన్నాను. అనుమతి లేకుండా ఇంకొకరి సిస్టమ్‌లోకి చొరబడితే ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా. స్కాన్ ఒక్కటే నేరమా కాదా అన్న వాదన వకీళ్లకి వదిలేద్దాం. చేయి తిరగడానికి స్కాన్‌మీ.ఎన్‌మ్యాప్.ఆర్గ్ అనే మెషీన్‌ని ఎన్‌మ్యాప్ వాళ్లే పెట్టారు. దాని మీద రోజుకి ఒకటి రెండు స్కాన్లు చేస్తే ఎవరూ ఏమీ అనరు.

అనుమతి ఉన్నా తిప్పలు తప్పవు. 9100 పోర్టుకి ఏం పంపినా కొన్ని ప్రింటర్లు అచ్చేసేస్తాయి. అందుకే పోర్టుల వెనక ఏ సాఫ్ట్‌వేర్, ఏ వెర్షన్ ఉందో ఆరా తీసేటప్పుడు ఎన్‌మ్యాప్ దాని జోలికి పోదు. నేను తెలివి ఎక్కువై, ఆ మినహాయింపు తీసేసే 'ఆల్‌పోర్ట్స్' ఆప్షన్ పెట్టాను, అదీ ఫీజుల వారంలో. అకౌంట్స్ మేడమ్ పిచ్చిగీతల కాగితాల కట్ట పట్టుకొచ్చి, "ఇదేంటండీ, ప్రింటర్‌కి దయ్యం పట్టిందా?" అన్నారు.

అప్పట్నుంచి ప్రిన్సిపాల్ గారి సంతకంతో కాగితం తీసుకుంటాను. ఏ ఐపీ అడ్రసులు, ఏ తేదీ, ఎన్ని గంటలకి, అన్నీ అందులో ఉంటాయి. నెలకో ఆదివారం పొద్దున్నే స్కాన్. ఆ ఆప్షన్ మళ్లీ ముట్టుకోలేదని ఎంత చెప్పినా, మేడమ్ మాత్రం ముందురోజే ప్రింటర్ ప్లగ్గు పీకి వెళ్తారు.